ఎందుకైనా మంచిది

ఇందుమతి తాళం లాగి చూసుకుని, రెండంతస్తులు దిగి, పడిందో లేదోనని మళ్ళీ పైకి వచ్చేసరికి తలుపు ముందు ఇందుమతే నిలబడి తాళం లాగుతోంది.

అదే ఆకుపచ్చ చీర. అదే కాస్త ఎత్తుగా ఉండే ఎడమ భుజం.

"పడిందా?" అని అడుగుతుంది ఇందుమతి.

"పడింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి లాగుతున్నా. నువ్వెళ్ళు, బస్సు పోద్ది."

సబబైన మాటే. గుంటూరులో కాపురం పెట్టిన నాటి నుంచి ఇందుమతి వీధి మలుపు దాకా వెళ్ళడం, గ్యాసు కట్టేశానా, గీజరు ఆపానా అనుకుంటూ వెనక్కి రావడం మామూలే. ఈరోజు ఆ పని ఇంకొకరు చూస్తున్నారు. ఆమె వేళకు బడికి చేరి, ఒక్కసారి కూడా ఇల్లు తలుచుకోకుండా పాఠం చెబుతుంది.

సాయంత్రం భర్త శేషగిరి కూరగాయల సంచీతో మెట్ల మీద కూర్చుని కనిపిస్తాడు. పైన తాళం చప్పుడు ఆగలేదు.

"కాస్త జరగమను ఇందూ. నేను చెబితే వినట్లేదు."

ఇద్దరూ కలిసి ఆవిణ్ణి పక్కకు జరిపి లోపలికి వెళ్తారు. వంటింట్లో ఒక ఇందుమతి గ్యాసు పొయ్యి మీద వంగి ఉంది. స్నానాలగదిలో ఒకతె గీజరు ఎర్రదీపం వంక రెప్ప వెయ్యకుండా చూస్తోంది. శేషగిరి నిట్టూర్చి, బయటి నుంచి ఇడ్లీలు తెస్తాడు.

మర్నాడు ఏడేళ్ళ కూతురు నీహార నిద్ర లేవదు. మంచం పక్కన ఒకతె కూర్చుని, పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఉంది. పాప పుట్టినప్పటి నుంచి ఇందుమతి చేసే పనే అది. చూసి, తృప్తిపడి, వేలు తీసేసేది. ఈవిడ తియ్యడం లేదు.

"దాన్ని లేవనివ్వు."

"లేస్తే పరిగెడుతుంది. పరిగెడితే ఊపిరి తెలీదు. పడుకుంటేనే తెలుస్తది."

పొద్దెక్కుతుంది. ఎండ దుప్పటి మీదికి వచ్చి, తిరిగి వెళ్ళిపోతుంది. పిల్ల బుగ్గలు పల్చబడుతున్నాయి. వాటిలోంచి దిండు గలీబు మీది పూలు కనిపిస్తున్నాయి.

"ఏదో ఒకటి చెయ్యి ఇందూ. వాళ్ళు నీవాళ్ళే కదా," అంటాడు శేషగిరి.

ఇందుమతి నడింట్లో నిలబడి గట్టిగా అంటుంది: "ఊరి చివర రైలు గేటు వెయ్యలేదంట. మీలో ఎవరైనా చూశారా?"

తాళం చప్పుడు ఆగుతుంది. గ్యాసు దగ్గరావిడ తలెత్తుతుంది.

"ఎవరూ చూళ్ళేదా?"

ఒకరి వెనక ఒకరు చెప్పులు వేసుకుని మెట్లు దిగుతారు. పిల్ల దగ్గరావిడ అందరికంటే చివర లేస్తుంది. గుమ్మంలో ఆగి, జాలిగా చూస్తుంది.

"మేం చూడకపోతే వచ్చేస్తది."

"ఏం వస్తది?"

"అది తెలీకేగా చూస్తున్నాం."

వెళ్ళిపోతుంది. కాసేపటికి నీహార కళ్ళు తెరిచి ఉప్మా అడుగుతుంది. శేషగిరి ఏడుస్తూ ఉల్లిపాయలు తరుగుతాడు. పిల్ల బుగ్గలకు మెల్లగా రంగు వస్తోంది. ఇందుమతి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తలుపు వైపు చూడకుండా పళ్ళు బిగించుకుంది. గడియ పెట్టిందో లేదో ఆమెకు గుర్తులేదు. లేచి చూడకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఉప్పు వాసన వస్తుంది. గోడ మీది సున్నం చెమరుస్తుంది. తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది.

వరండాలో సముద్రం నిలబడి ఉంది. ఒక్క చుక్క కూడా కింద పడకుండా, నిటారుగా. గుమ్మం తగలకుండా తల వంచుకుని అది లోపలికి వస్తోంది.

"కూర్చోండి," అంటుంది నీహార, ఒళ్ళోంచి దిగి కుర్చీ ముందుకు లాగి.

సముద్రం కూర్చుంటుంది. దాని ఒడిలో, చాలా దూరంగా, ఒక పడవ. పడవలో ఎవరో లేచి నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈ ముగ్గురినీ చూసి ఒడ్డు అనుకుని తెడ్డు ఇటు తిప్పుతున్నారు.