పిచ్చుక రక్తపరీక్ష

లిఫ్టు మెకానిక్ పదమూడో అంతస్తు పైన మోటారు గదిలో ఉండగా ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఏటా చేసే పరీక్షలో అతని కూతురి రక్తంలో తెల్లకణాలు రెండింతలున్నాయట. మళ్లీ రక్తం ఇవ్వడానికి వెంటనే తీసుకురమ్మన్నారు. అతను పనిముట్లు అక్కడే వదిలేసి మెట్లు దిగాడు.

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల, రోగాలను తట్టుకునే శక్తి లేకుండా పుట్టింది. ఒకే ఒక్క జన్యువులో తప్పు. చిన్న దగ్గు కూడా ప్రాణం మీదికి తెచ్చేది. నాలుగేళ్లు గడప దాటనివ్వకుండా కంటికి రెప్పలా కాచారు. ఐదో ఏట డాక్టర్లు ఆమె ఎముక మజ్జలోంచి కణాలు తీసి, రోగం తెప్పించకుండా కోరలు పీకేసిన రెట్రోవైరస్ అనే ఒక రకం వైరస్‌తో మంచి జన్యువును వాటిలోకి చేర్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కించారు. మరుసటి ఏడాది పిచ్చుక బడికెళ్లింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు.

ఆ వైద్యానికి ముందే డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. వైరస్ మన జన్యువుల మధ్య ఎక్కడ దూరి కూర్చుంటుందో ఎవరి చేతిలోనూ లేదు. కూర్చోకూడని చోట కూర్చుంటే ఆ ఒక్క కణమే అదుపు లేకుండా పెరిగి రక్తక్యాన్సర్ కావచ్చు. భార్య వెనకాడింది. సంతకం చేసింది అతనే.

రెండోసారి రక్తం ఇచ్చి వచ్చాక పది రోజులు ఆగమన్నారు. అతనికి ముద్ద దిగలేదు.

"సంతకం పెట్టింది నేనే కదా," అన్నాడు ఒక సాయంత్రం.

"పెట్టకపోతే అది ఇన్నాళ్లుండేదా? ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తకండి. ముందు తినండి," అంది భార్య. ఆవిడ కంచం కూడా అలాగే ఉంది.

పదకొండో రోజు ముగ్గురూ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నారు. ఆవిడ కాగితం వాళ్ల వైపు తిప్పింది.

"క్యాన్సర్ అయితే చాలా కణాల్లో వైరస్ ఒకే చోట కనిపించేది. ఇక్కడ ఒక్కో కణంలో ఒక్కో చోట, వందల చోట్ల ఉంది, ఏ కణమూ మిగతావాటిని మించి పెరగలేదు. భయపడాల్సిందేం లేదండి."

"మరి ఆ తెల్లకణాలు?"

"అవి పెరిగింది పిల్లల్లో మామూలుగా వచ్చే గొంతు జ్వరం వల్ల. ఆ కణాలు దానితో పోట్లాడాయి, గెలిచాయి కూడా. ఏమే పిచ్చుకా, గొంతు నొప్పి పుట్టలేదూ?"

పిచ్చుక తల దించుకుంది. "పుట్టింది. చెబితే బడి మాన్పించేస్తారని చెప్పలేదు. పరుగుపందెంలో నా పేరుంది."

తల్లి చెయ్యెత్తింది గానీ, ఆ చేత్తోనే కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. మెకానిక్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. పుట్టినప్పుడు జలుబుకే ఓడిపోయిన పిల్ల, ఎవరికీ చెప్పకుండా జ్వరాన్ని తరిమేసింది.

"పందెం ఎప్పుడే?" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

"అయిపోయింది నాన్నా. నాలుగో స్థానంలో వచ్చా."