తెరలో మిగిలిన ముక్క

మా అక్కకు ఎడమ రొమ్ములో ఉన్నది క్యాన్సర్ గడ్డేనని డాక్టరమ్మ చెప్పిన రోజు నేను ఏడ్చాను, అక్క ఏడవలేదు. తిన్నగా మా కుట్టు దుకాణానికి వచ్చి, తాళం తీసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇది ఎందుకొచ్చిందో నాకు తెలుసు," అంది.

దుకాణంలో కత్తిరింపు, కుట్టు అక్కవి. హుక్కులు, అస్తర్లు, నోరు నావి. మిగిలిన ముక్క దర్జీదే అన్నది మా వృత్తిలో ఎవరూ కాదనని మాట. నాలుగేళ్ళ క్రితం ప్రార్థనా మందిరానికి తెర కుట్టినప్పుడు ఒక పట్టుముక్క మిగిలింది. దాన్ని తన జాకెట్టుకు లోపల అస్తరు వేయమని అక్క అంటే వేశాను. మెత్తగా ఉందని అక్క ఆ జాకెట్టును చిరిగేదాకా వదల్లేదు.

"దేవుడి గుడ్డ ఒంటికి చుట్టుకున్నాను. అది తగిలిన చోటే లేచింది చూడు."

"దేవుడికి అంత గుడ్డ కరువొచ్చిందా?" అన్నాను. అక్క నవ్వలేదు.

గడ్డ చిన్నదే, వెంటనే తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందని డాక్టరమ్మ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది. అక్కేమో ముందు మందిరానికి కొత్త తెర కుట్టి ఇస్తానంది. అదీ మిషను ముట్టకుండా, చేత్తోనేనట. మందిరం పెద్దాయన స్వయంగా దుకాణానికి వచ్చి, "దేవుడు ఇలాంటివి పట్టించుకోడమ్మా, ముందు వైద్యం చేయించుకో," అన్నాడు. ఆయన గడప దాటాక, "మంచాయన. నా మొహం మీద దొంగ అనలేక అలా అన్నాడు," అని అక్క సూదిలో దారం ఎక్కించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

తేదీ దాటిపోయింది. డాక్టరమ్మ విసుక్కుంటూనే ఇంకో తేదీ ఇచ్చింది. తెర సగం కూడా కాలేదు. నాకు ఒళ్ళు మండి, భయమేసి, ఒకరోజు ఒక అబద్ధం చెప్పాను.

"అక్కా, ఆ పట్టుముక్క నీ జాకెట్టులో లేదు. నీకు బజారు గుడ్డ వేసి, దాన్ని నా జాకెట్టుకు వేసుకున్నాను."

తప్పు నాదని తేలితే, గడ్డకూ దేవుడికీ సంబంధం లేదని ఒప్పుకుని అక్క ఆస్పత్రికి నడుస్తుందనుకున్నాను. అదీ నా తెలివి.

అక్క సూది పక్కన పెట్టింది. నా దగ్గరికి వచ్చి, నా ఎడమ రొమ్మును అరచేత్తో అదిమి అదిమి చూసింది.

"నీకు రావాల్సింది నాకొచ్చిందన్నమాట," అంది. ఆ ముఖంలో ఇన్నాళ్ళూ లేని తెరిపి. "పోనీలే. నువ్వు పిల్లల తల్లివి."

"అంటే?"

"దీన్ని నాలోంచి కోసి పారేస్తే ఎక్కడికి పోతుంది? నీ దగ్గరికే కదా."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నేను చెప్పింది అబద్ధమని పిల్లల మీద ఒట్టేశాను. కాళ్ళు పట్టుకున్నాను. "నన్ను బతికించుకోవాలని ఇప్పుడు అబద్ధమాడుతున్నావు, పిచ్చిదానా," అని నా తల నిమిరింది. పెద్దాయన మళ్ళీ వచ్చి చెప్పాడు. ఇది ఒకరి నుంచి ఇంకొకరికి పోయే జబ్బు కాదని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చూపించింది. అక్క వినయంగా తలూపి, బయటికొచ్చాక, "ఆవిడ చదువు ఆవిడది," అంది.

రెండో తేదీ కూడా పోయింది. గడ్డ చంకలోకి పాకింది. ఇక నాకు తోచిన దారి ఒక్కటే. అక్క భయమంతా నా గురించే కదా, నా ఒంట్లో ఏమీ లేదని తేలితే ఆ భయం పోతుంది. వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. ఏ లోపమూ లేదని రిపోర్టు వచ్చింది. పరుగున వచ్చి అక్క చేతిలో పెట్టాను.

అక్క రెండుసార్లు చదివింది. కాగితాన్ని కళ్ళకద్దుకుంది.

"చూశావా, నా దగ్గరున్నన్నాళ్ళూ నీ జోలికి రాదు. ఇక నన్ను ఆస్పత్రికి రమ్మనకు."

చాలా రోజుల తర్వాత ఆ పూట అక్క ఆకలేస్తోందంది. కడుపునిండా తిని, ఇంకాస్త పెట్టమని అడిగింది. నేను పెట్టాను.