మాత్ర వేసుకున్న సాయంత్రం

"సునీ, ఆ మాత్రలు మర్చిపోకు," అన్నాడు కిషోర్, బాపట్ల ప్రయాణానికి నేను ఆయన చొక్కాలు మడతపెడుతుంటే.

ఎలా మర్చిపోతాను? తెనాలిలో పొద్దున్నే లేచి అందరికీ క్యారేజీలు కట్టి, స్కూల్లో గొంతు పోయేలా పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి అత్తయ్యకి కాళ్లు పట్టి మంచమెక్కేసరికి నాకు నిద్ర తప్ప ఇంకేం అక్కర్లేదనిపించేది. దానికి జబ్బని పేరు పెట్టింది కిషోరే. గుంటూరులో డాక్టరమ్మ నన్ను అడిగితే "ఈమెకి ఇంట్రెస్ట్ లేదండి," అని ఆయనే చెప్పాడు. నేను తలొంచుకుని కొంగు నలుపుతూ కూర్చున్నాను. కోరిక పెరగడానికి మాత్రలు రాస్తూ ఆవిడ, "పడుకునే ముందే వేసుకోవాలి. దీనిమీద మద్యం తాగితే బీపీ పడిపోయి స్పృహ తప్పుతుంది, జాగ్రత్త," అంది. "మా ఇళ్లల్లో ఆడవాళ్లు తాగరండి," అని నవ్వాడు కిషోర్.

సూర్యలంక రిసార్టుకి ఆయన స్నేహితుడు జీవన్ కుమార్, భార్య కావేరి కూడా వచ్చారు. "ఇవాళ త్వరగా గదిలోకి వెళ్దాంలే," అంటూ చీకటి పడకముందే కిషోర్ నాచేత మాత్ర మింగించాడు. కాసేపటికి వరండాలో అందరికీ వైన్ పోస్తూ జీవన్ కుమార్ నాకూ ఓ గ్లాసు అందించాడు.

"మాత్ర వేసుకున్నానండీ," అన్నాను కిషోర్ చెవిలో.

"ష్! వాళ్లకి వినపడుద్ది. ఒక్క గ్లాసుకి ఏం కాదులే, పరువు తీయకు."

ఆయన పరువు కోసం తాగాను. లేచి రెండడుగులు వేశానో లేదో, కళ్లకి చీకట్లు కమ్మాయి.

తెలివొచ్చేసరికి బాపట్లలో ఏదో ఆసుపత్రి. నా నుదుటికి కుట్లు వేస్తున్నారు. కావేరి నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఏం లేవండి, పగలంతా ఎండలో ఉంది, కళ్లు తిరిగాయంతే," అన్నాడు కిషోర్.

"వాడుతున్నానండి," అన్నాను. "కోరిక తగ్గిందని మాత్ర. దానిమీద వైన్ తాగాను."

డాక్టరు గబగబా మళ్లీ బీపీ చూసి సెలైన్ పెట్టించాడు. "ప్రాణం మీదికి తెచ్చుకున్నారు కదమ్మా," అన్నాడు.

మర్నాడు కారులో తెనాలి వస్తుంటే కిషోర్ అందుకున్నాడు. "కావేరి ముందర చెప్పాలా ఆ సంగతి? సర్లే. ఇకనుంచి వైన్ ముట్టుకోకు. మాత్ర మాత్రం మానకు."

కుట్లు నొప్పిగా ఉన్నాయా అని అడగలేదు.

"వైనూ ముట్టను, మాత్రా మింగను," అన్నాను. "నా అంతట నేను రమ్మనేదాకా మీరూ నన్ను ముట్టుకోకండి."

కారు ఒక్కసారి నెమ్మదించింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఇంత చిన్న మాట నోటిదాకా రావడానికి నుదురు పగలాల్సి వచ్చిందే అని ఏడుపొచ్చింది.