చివరి పుటదాకా పసుపు మరక

నేను ఒక పాత పుస్తకాన్ని. నాకు చెయ్యి లేదు గనక నా కథ రాసిపెడుతున్నది ఒక పెద్దావిడ. భర్త పోయాక, అరవై దాటిన వయసులో అక్షరాలు దిద్దిన మనిషి. ఒత్తులు తప్పితే, వాక్యానికో పూట పడితే మన్నించండి. తన గురించి ఏం చెప్పినా కొట్టెయ్యకుండా రాస్తానని మాటిచ్చింది. చూద్దాం.

నేను పుట్టింది జపానులో. అక్కడ కొన్ని అక్షరాలు ఇల్లంత ఉంటాయి. విప్పి చూస్తే అన్నీ చిన్న ముక్కలే: చెట్టు, నీళ్ళు, నోరు, మనిషి. అలాంటివి రెండు వందల పద్నాలుగు, పుటకొకటి చొప్పున నా కడుపులో ఉన్నాయి.

నన్ను మొదట కొన్నది చెన్నైలో ఒక ఇంజనీరు. మొదటి పుట మీద 'మూడు నెలల్లో పూర్తి' అని రాసి సంతకం పెట్టాడు. తొమ్మిదో పుట దాటలేదు. తర్వాత నాలుగేళ్ళు కంప్యూటరు కింద ఎత్తుకు పనికొచ్చాను. అప్పటినుంచి నన్ను చూసి మురిసిపోయే వాళ్ళంటే నాకు అనుమానం.

రెండోవాడు వేలాయుధం, జపాను వాళ్ళు దిగే అతిథి గృహంలో వంటవాడు. సీసాల మీద రాత తెలియక ఒకరోజు పాయసంలో వెనిగర్ పోశాడు. ఆ సిగ్గుతో, ఏ శపథమూ లేకుండా, పసుపు చేతులతోనే నన్ను ఆఖరిదాకా చదివాడు. అతను ఊరు మారినప్పుడు అట్ట ఊడిన నేను నెల్లూరు పాత పుస్తకాల అంగట్లో పడ్డాను.

అక్కడికి వచ్చింది ఈ పెద్దావిడ, మనవరాలు మౌనికను వెంటబెట్టుకుని. ఆ పిల్లకు జపాను వాళ్ళ ఫ్యాక్టరీలో పని. డిసెంబరులో జపాను భాష పరీక్ష గట్టెక్కితే అనువాదాల విభాగంలో ఉద్యోగం ఖాయం, లేకుంటే జనవరితో ఇంటికి. అప్పటికే రెండుసార్లు తప్పింది. ఫోనులో నాలుగు యాప్‌లు, ఇంట్లో ఒక బొమ్మల కార్డుల పెట్టె. దేనితోనూ కుదరలేదు.

అంగడాయన నిగనిగలాడే పుస్తకం తీశాడు. "ముప్పై రోజుల్లో మొత్తం వచ్చేస్తదమ్మా."

"నాకు 'అ' రాయడానికే నలభై రోజులు పట్టింది నాయనా," అంది ఆవిడ. పుస్తకం తెరవలేదు. మూసినట్టే పట్టుకుని అంచు చూసింది. "మొదట వేలెడు మాసింది, మిగతాదంతా మల్లెపువ్వు. చదివినోళ్ళు యాడ ఆగిపోయిండారో చూడు మే."

అంచు చూసి పసిగట్టే ఈ విద్య ఆవిడకు ఊరికే రాలేదు. వయోజన విద్య తరగతిలో ఇరవై మంది చేరారు. ఊరంతా చదువుకున్నదని బోర్డు కట్టారు. ఆ ఇరవై వాచకాల్లో పంతొమ్మిది, పదో పుట తర్వాత తెల్లగానే ఉన్నాయి.

తర్వాత నన్ను చేతికి తీసుకుంది. నా అంచు చివరిదాకా మాసి ఉంది. అయినా నమ్మలేదు. "పులుసు ఒలికిందేమో," అని వాసన చూసింది. పుట పుటా మూల పట్టి తిప్పింది. తేలిక ముక్కల దగ్గర మరక పలచన, కష్టమైన వాటి దగ్గర చిక్కన.

"వీడెవడో గానీ నిజంగా చదివినోడే. ఇదే ఇయ్యి."

"నాన్నమ్మా, కంపు కొడతా ఉంది!"

"కొట్టనీ. పసుపేగా."

నవంబరు నెలాఖరున మౌనిక "అయిపోయింది," అని నన్ను ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ అంచు చూసింది. పసుపు పక్కన ఫ్యాక్టరీ నూనె మరకలు చివరిదాకా ఉన్నాయి. కానీ నూట ముప్పై తర్వాత అన్నీ ఒకే చోట, ఒకే సైజు.

"ఎనభై పుటలు ఒక్క పూటలో తోమినావా?"

మౌనిక నవ్వబోయి ఏడ్చేసింది. "ఈసారీ తప్పుతానేమో నాన్నమ్మా. నువ్వన్నా ధైర్యంగా ఉంటావని..."

"నా ధైర్యం నేను చూసుకుంటా. ఇట్టా కూర్చో."

ఆ సాయంత్రం నుంచి తమలపాకు నములుతూ, పుట కింద మౌనిక చేత తెలుగులో రాయించిన అర్థాన్ని బొటనవేలితో మూసి, "ఇదేంది?" అని అడిగేది. మౌనిక చెప్పేది. అలా నూట ముప్పై ఒకటి నుంచి నా మీద సున్నం మరకలు కూడా చేరాయి.

జనవరిలో మౌనిక ఫోను చాపి, "పాసయినా!" అంది. ఆవిడ ఫోనును నమ్మలేదు. నన్ను తెచ్చి ఇంకోసారి అంచు చూసుకుని, అప్పుడు పిల్లను దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు నేను బియ్యం డబ్బా మీద ఉంటున్నాను. ఈమధ్య నా మొదటి పుట మీద సున్నం వేలు పడింది. ఇంజనీరు సంతకం పైనే. పిల్లను అడిగే పనీ లేదు, పరీక్షా లేదు. నిన్నటికి పద్నాలుగో పుట. ఇంకా రెండు వందలున్నాయి. నాకు అనుమానమే.

ఈ మాట కూడా కొట్టెయ్యకుండా రాసింది:
దువ్వూరు పెంచలమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు,
ప్రస్తుతం మనవరాలి దగ్గర, సూళ్ళూరుపేట.