ఖాళీ చేతుల నడక

టైలరమ్మ మిషను ముందు కూర్చున్నంతసేపూ ఆమె కుడికాలు నేలమీద ఊరికే ఆడుతూ ఉంటుంది. ఇరవై ఏళ్లు కాలితో తొక్కిన మిషను అది. నాలుగేళ్ల క్రితం దానికి మోటారు బిగించారు. అప్పటినుంచి చేతులకు పని రెట్టింపయింది, కాళ్లకు పని పోయింది. కాలికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఒకరోజు సూదిలో దారం ఎక్కించడానికి ఆమెకు ఏడుసార్లు పట్టింది. మర్నాడే ఆస్పత్రికి పరిగెత్తింది.

"చక్కెర బాగా పెరిగిందమ్మా," అంది డాక్టరమ్మ. "మాత్రలు వేసుకుంటూ రోజూ నడవాలి. ముందు పది నిమిషాలతో మొదలుపెట్టండి, మెల్లగా అరగంట చేయండి. మూడు నెలలు చూస్తాను. తగ్గకపోతే కళ్లమీదికి వస్తుంది."

చివరి మాట ఒక్కటే ఆమె చెవిలో నిలిచిపోయింది. కళ్లు పోతే కుట్టేదెలా? కుట్టకపోతే ఆమె ఎవరు?

ఆ సాయంత్రం ఆరింటికి చెప్పులు వేసుకుని గడప దాటింది. రెండు చేతులూ ఖాళీ. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కొంగు సర్దుకుంది, విడిచింది, మళ్లీ సర్దుకుంది.

"ఎక్కడికి వదినా?" ఎదురింటావిడ గుమ్మంలోంచే అడిగింది.

"ఎక్కడికీ లేదు. ఊరికే నడుద్దామని."

"ఊరికేనా!" అని ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండిళ్లు దాటాక ఇంకొకావిడ, "ఇంట్లో అంతా బాగానే ఉన్నారు కదా?" అని ఆరా తీసింది. వీధి మలుపు వచ్చేసరికి టైలరమ్మకు ఏదో దొంగతనం చేసినట్టే అనిపించి, వచ్చినదారినే తిరిగి వచ్చేసింది.

ఆమె భర్త రోజూ పొద్దున్నే తెల్లబూట్లు వేసుకుని, చేతులు ఊపుకుంటూ నడిచి వస్తాడు. ఆయన్ని ఏ గుమ్మమూ ఏమీ అడగదు. ఎందుకో మీరే ఆలోచించండి.

మర్నాడు ఆమె మేకుకు వేలాడుతున్న గుడ్డసంచి తీసి చేత్తో పట్టుకుంది. వీధిలో ఒక్కరూ పలకరించలేదు. హమ్మయ్య అనుకుంది. పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.

సంచిని ముందుగా చూసింది అత్తగారు. "ఎలాగూ వెళ్తున్నావుగా, నా బీపీ మాత్రలు పట్రామ్మా." తర్వాత భర్త. "ఎలాగూ వెళ్తున్నావుగా, ఇస్త్రీ బట్టలు తెచ్చెయ్." కూతురికి గ్రాఫు కాగితాలు కావలసి వచ్చాయి. ఎదురింటావిడకు అరకిలో ఉల్లిపాయలు. వారం తిరిగేసరికి ఆ సంచి ఊరందరిదీ అయింది. టైలరమ్మ మందుల షాపు ముందు ఒక కాలిమీద, ఇస్త్రీ బల్ల ముందు రెండో కాలిమీద నిలబడేది. గడియారం చూసుకునేది. ఇంటిదగ్గర రేపటికి ఇవ్వాల్సిన యూనిఫారాలు గుర్తొచ్చి ఒళ్లంతా తేళ్లు పాకినట్టుండేది. బరువుకు భుజం లాగేది. అయినా ఒక్కరోజు మానలేదు. తాను నడుస్తున్నాననే నమ్మింది పాపం.

మూడు నెలలకు డాక్టరమ్మ కాగితం చూసి కళ్లజోడు తీసింది. "ఏమీ తగ్గలేదు. నిజంగా నడుస్తున్నారా?"

"రోజూనండి! గంట పడుతుంది ఇంటికొచ్చేసరికి."

"ఎటు వెళ్తారో చెప్పండి."

టైలరమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె గొంతే సన్నబడింది.

"ఇందులో నడక పావుగంట కూడా లేదమ్మా," అంది డాక్టరమ్మ మెత్తగానే. "మిగిలిందంతా నిలబడటం. మీ ఇంటిపనే వీధిదాకా వచ్చింది. ఇంకో రెండు నెలలు చూస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఇంటికి వచ్చి టైలరమ్మ చెప్పులు కూడా విప్పలేదు. మేకుకున్న సంచి తీసుకుని మిషను దగ్గర కూర్చుంది. దారం సూది బెజ్జంలోకి పోనంటుంది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. కుడికాలు నేలమీద టకటకా కొట్టుకుంటోంది.

"అమ్మాయ్, ఎలాగూ వెళ్తా..." అంటూ వచ్చిన అత్తగారు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కోడలు సూదిలో దారం ఎక్కించలేకపోవడం ఆవిడ ఇంతకు ముందెన్నడూ చూడలేదు. దగ్గరికొచ్చి దారం అందుకుంది. ఏడాది కిందట ఆపరేషనయిన కళ్లతో ఒక్కసారికే ఎక్కించేసింది.

"ఏం కుడుతున్నావే?"

"సంచి మూతి అత్తయ్యా."

మోటారు గుర్రుమంది. ఈ చివరనుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి, రెండు వరసలు. అత్తగారు తన వాచిన మోకాళ్లమీద చేతులు వేసుకుని చూస్తూ కూర్చుంది.

ఆరయింది. భర్త ఇస్త్రీకిచ్చే చొక్కాలు తెచ్చి సంచిలో దూర్చబోయి తెల్లబోయాడు. "ఇదేంటి? మూతి కుట్టేశావా? మరి ఇవెలా పట్టుకెళ్తావు?"

"పట్టుకెళ్లను," అంది టైలరమ్మ. ఖాళీ చేతులతో మెట్లు దిగింది.

"ఇదిగో, ఆగు..." అని ఆయన వెనకే బయలుదేరబోయాడు.

"నువ్వు ఆగు," అంది అత్తగారు కొడుకుతో. "పొద్దున నువ్వు బూట్లేసుకుంటుంటే నీ చేతికి నేనెప్పుడైనా సంచి ఇచ్చానా?"

ఆయన చేతిలోని చొక్కాలు మిషను మీద పెట్టేశాడు.

ఎదురింటావిడ అలవాటుగా గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడికి పిన్నిగారూ మీ కోడలు, వట్టి చేతులతో?"

టైలరమ్మ అప్పటికే మలుపు దగ్గరికి చేరింది. ఇంకా బెరుకుగానే ఉంది. చేతులు మాత్రం కొద్దికొద్దిగా ఊగడం మొదలుపెట్టాయి. అత్తగారు మోకాళ్లు పట్టుకుంటూ లేచి గుమ్మంలోకి వచ్చి, వీధంతా వినేలా చెప్పింది.

"ఏ పనిమీదా కాదమ్మా. నలభై ఏళ్లు నేను సంచి లేకుండా గడప దాటలేదు, ఇప్పుడు గడపే దాటలేకపోతున్నాను. ఆ అరగంటా మా కోడలి ఒంటికోసం. అందులో నీ ఉల్లిపాయలూ వద్దు, నా మాత్రలూ వద్దు."