పన్నెండు గంటల కూత

ఆ లోయలో సూర్యుడి తరువాత కాలాన్ని శాసించే అధికారం ఒక్కరిదే. వాగు గట్టు మీది గదిలో కూర్చుని నీటిమట్టం రాసే ఆ మహానుభావుణ్ణి ఊరు ‘కొలబద్ద దొర’ అని పిలిచేది. వరద సైరన్ పనిచేస్తోందో లేదో చూడడానికి రోజూ పన్నెండింటికి ఒక్క నిమిషం మోగించడం దొరవారి విధి. ఊరు దాన్ని భోజనాల గంటగా స్వీకరించింది. ఆ కూతకు వడ్రంగి రంపం దించేవాడు. వాగులో లాడ్జి దుప్పట్లు ఉతికే ఆడవాళ్లు బండల మీదే క్యారియర్లు విప్పేవాళ్లు. ప్రాణభయానికి పెట్టిన కూత ఆకలికి అక్కరకొస్తున్నందుకు దొరకు లోలోపల కొంత గర్వం కూడా.

ఉతికేవాళ్లలో ఆయన భార్య ఒకతె. ఆ పొద్దున తన ఫోన్ ఆయన బల్ల మీద పెట్టి, “నీళ్లలో పడితే నువ్వు కొనిస్తావా? ఇక్కడుంటే భద్రం. నీ గదికొచ్చిన దొంగ కూడా నిద్రపోతాడు” అని వెళ్లింది.

పైకొండల మీద తెల్లవారుజాము నుంచీ వాన. ఊళ్లో ఎండ. పన్నెండుకు పది నిమిషాలుందనగా దొర కిటికీలోంచి వాగులో పాతిన కొలబద్దను చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. నాలుగడుగుల గీత దగ్గర ఉండాల్సిన నీరు రెండు దగ్గరుంది. చూస్తుండగానే ఒకటికి దిగింది.

ఆరడుగుల ఎర్రగీత దాటితే సైరన్ మోగించాలని నిబంధనల ఉద్గ్రంథం ఘోషిస్తోంది. తగ్గితే ఏం చేయాలో చెప్పలేదు. సంతోషించాలని కాబోలు గ్రంథకర్తల ఆశయం. దొరకు మాత్రం ముచ్చెమటలు పోశాయి. పైన వాన పడుతుండగా కింద వాగు ఎండుతోందంటే, ఎక్కడో కొండచరియ విరిగి అడ్డం పడిందన్న మాట. దాని వెనక నీరు పేరుకుంటోంది. ఆ మట్టికట్ట ఏ క్షణానైనా తెగుతుంది.

కింద తొమ్మిది మంది. నీళ్లు తగ్గాయన్న సంబరంలో నడివాగు బండల దాకా వెళ్లిపోయారు.

భార్యకు ఫోన్ చేశాడు. అది ఆయన మోచేతి పక్కనే మోగింది. కిటికీలోంచి రెండు చేతులూ ఊపాడు. కింద ఎవరో మర్యాదగా తిరిగి చెయ్యి ఊపారు.

సైరన్ మీట నొక్కాడు. తొమ్మిది మందీ చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు.

పరుగెత్తితే అయిదు నిమిషాలు. కానీ వేలు తీస్తే కూత ఆగిపోతుంది, అది ఉత్త భోజనాల గంటగానే మిగిలిపోతుంది. దొర కదల్లేదు. నిమిషం దాటింది. రెండు. మూడు.

మూడో నిమిషంలో ఆయన భార్య నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. మొగుడికి మతిపోయిందనీ, ఊరంతా నవ్వుతుందనీ నిశ్చయించుకున్న నడక అది. విసవిసా గట్టెక్కసాగింది. దంపతుల యుద్ధం చూసే అదృష్టం వదులుకోలేక మిగతావాళ్లూ క్యారియర్లు అక్కడే వదిలి వెంటపడ్డారు. దొర లెక్కపెట్టాడు. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో ఆమె, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ, బండ మీదే కూర్చుంది. భార్య వెనక్కి చూసింది. మళ్లీ దిగింది!

“వద్దే!” అని అరిచాడు. ఆయన సైరనే ఆ మాటను మింగేసింది.

కాళ్ల కింద నేల వణికింది. భార్య పెద్దమ్మ రెక్క పట్టుకుని లాక్కొస్తోంది. ఇద్దరూ గట్టెక్కారో లేదో, చెట్ల మొదళ్లను దొర్లించుకుంటూ బురదగోడ ఒకటి మలుపు తిరిగింది. బండలు లేవు. దుప్పట్లు లేవు. కొలబద్ద కూడా లేదు.

తలుపు దగ్గర భార్య నిలబడింది. గట్టెక్కుతూ కూడబెట్టుకున్న తిట్లన్నీ నాలుక మీదే ఉన్నట్టున్నాయి. కిటికీలోంచి కిందికి చూసింది. ఆ నీళ్లు పోతున్న వైపు, వాగు వారనున్న వీధుల వైపు. అక్కడ జనం ఇంకా కంచాల ముందున్నారు.

దొర వేలు కొయ్యబారింది. ఆమె వచ్చి, తన తడి చేతిని ఆ వేలి మీద పెట్టి గట్టిగా అదిమింది. పెదవుల కదలిక మాత్రం ఆయనకు తెలిసింది.

“ఆపకు.”