మంచినీళ్ల ట్యాంకులో తెల్లపొడి

రెండువేల నాలుగు, వానాకాలం. గుండుగొలనుకు దిగువన కొల్లేటి లంక ఊరు. పొద్దున్నే పంచాయతీ వాటర్‌మేన్ విశ్వాసం భుజాన తెల్లపొడి సంచితో మంచినీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కుతున్నాడు. ఊళ్లో వారంగా వాంతులూ విరేచనాలూ. ఇద్దరు పోయారు. చేపల చెరువు కూలీ గంగరాజు కూతురు సాయిదుర్గ, ఆరేళ్లది, స్కూలు వరండాలో సెలైన్ మీద బతుకుతోంది.

గంగరాజు ఆ సంచి చూశాడు.

“ఒరేయ్, అది బ్లీచింగురా! వేసవిలో చెరువులో పాత చేపల్ని చంపటానికి నా చేత్తో చల్లాను. సాయంత్రానికి అన్నీ తెల్లగా తేలిపోయాయి. ఇప్పుడీడు మన నీళ్లలో కలుపుతున్నాడు!”

పాఠకులారా, అతను చెప్పిన ప్రతి మాటా నిజమే. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆ కేకకు పోగైన ముప్పైమంది విశ్వాసాన్ని కాళ్లు పట్టుకుని నిచ్చెన మీంచి ఈడ్చారు. విశ్వాసం వీపు సిమెంటు దిమ్మకు తగిలింది.

“ఆగండి బాబూ! మోతాదు వేరండీ, మోతాదు…”

మోతాదు ఎవడిక్కావాలి? అందరికీ మోదుడే కావాలి! వెదురు కర్రలు లేచాయి. మోచెయ్యి విరిగింది. పళ్లు బురదలో పడ్డాయి. “నా పిల్లనీ తేల్చేద్దామనా?” అంటూ గంగరాజు పారతో తలమీద కొట్టాడు. పచ్చగడ్డి ఎర్రబడింది.

నర్సు విజయకుమారి పరుగున వచ్చి విశ్వాసం మీద అడ్డం పడింది. ఓ దెబ్బ ఆమె భుజానా పడింది.

“వెయ్యమన్నది నేనండీ! మూడు నెలలుగా పొడి రాకపోతే ఏలూరు వెళ్లి తనే మోసుకొచ్చాడు. బస్తాలు గుమ్మరిస్తే చేప చస్తుంది. కొలిచి వేస్తే రోగం పుట్టించే క్రిమి చస్తుంది, మనిషి బతుకుతాడు. ఇంతకీ మన ట్యాంకుకొచ్చే కాలవలోకి చేపల మేతకని వేసిన కోళ్లపెంట కుళ్లిన చెరువు నీళ్లు వదిలిందెవరండీ?”

గంగరాజు చేతిలోంచి పార జారిపోయింది.

“చేపల పట్టుబడికి ముందు చెరువు ఖాళీ చెయ్యమన్నారు మా చెరువు ఆసామి సుబ్బరాజుగారు. తూము ఎత్తింది నేనేనండీ.”

ఆటోలో ఏలూరు తీసుకెళ్తుండగా గుండుగొలను దాటకముందే విశ్వాసం ప్రాణం పోయింది. సాయంత్రం పోలీసులు వచ్చారు. ఊరంతా చూస్తుండగా గంగరాజు తనే జీపు దగ్గరికి నడిచి, వెనక్కి తిరిగాడు.

“ఆయన మందు తెచ్చాడండీ. విషం వదిలింది నేను. సగం తెలిసి చెయ్యెత్తాను. అడిగుంటే మనిషి మిగిలేవాడు. మనం ఇవాళ కాలవలోకి ఏది వదిలితే, రేపు మన పిల్లల గొంతులోకి దిగేది అదేనండీ.”